పొడుగు పిడి, పొట్టి పిడి

పార్సిల్ వచ్చిన దగ్గర నుంచి సంధ్యారాణికి ముద్ద దిగడం లేదు. అట్టపెట్టెలో ఉన్నవి బాంబులేం కావు, ఉలి పిడులు. ఉలి తోకను లోపలికి దూర్చి, పక్కనున్న బోల్టు బిగించి, పని అయ్యాక ఊడదీసుకునే అల్యూమినియం పిడులు. ఒకటి మూరెడు పైచిలుకు పొడుగు, ఇంకొకటి జానెడు. ఒకటి ఉంచుకుని రెండోది వాపసు పంపాలి. ఏది ఉంచుకోవాలో తేల్చాల్సింది ఆమె మామ లక్ష్మీనర్సయ్య. తేల్చాలంటే ఆయన కర్రను గిర్రున తిప్పే లేత్ మిషన్ ముందు నిలబడి ఉలి పట్టాలి. ఆమె భయమంతా అదే.

ఆర్మూరులో మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఆయన దుకాణం. పసుపు బస్తాల లారీలు గుమ్మం ముందు నుంచే పోతాయి, సీజన్లో మిషన్ మీది కర్రపొట్టు కూడా పచ్చగా కనిపిస్తుంది. మంచం కోళ్లు, ఊయల కాళ్లు, చపాతీ కర్రలు, బాల్కొండ వైపు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు కట్టే ఇళ్లకు మెట్ల పక్కన నిలబెట్టే కోళ్లు, అన్నీ ఆయన చేతిలో తిరిగినవే. ఆయన ఉలులకు పిడులు కూడా ఆయనే తుమ్మకర్రతో చేసుకున్నాడు. కళ్లు మూసుకుని పిడి తడిమితే చాలు, అది ఏ ఉలో చెప్పేవాడు. ఆ గొప్ప చెప్పుకోవడం ఆయనకు ఇష్టం, వినడం ఇంట్లోవాళ్లకు అలవాటు.

చలికాలం నుంచి ఆ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. చాయ్ గ్లాసు పడితే సగం చొక్కాకే. నిజామాబాద్‌లో డాక్టరు గోళీలు రాసిచ్చి, మిషన్ పని మానెయ్యమన్నాడు. లక్ష్మీనర్సయ్య గోళీలు మింగాడు, ఆ మాట మాత్రం మింగలేదు. మొన్న ఉలి కర్రలో ఇరుక్కుని వెనక్కి ఎగిరి పక్కటెముకల మీద కొట్టింది. ఆయన తిట్టింది పిడిని.

"పిడి లావైంది బిడ్డ. గందుకే పట్టు దొరుకుతలేదు."

పిడిది తప్పు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. అనేవాళ్లే లేరు. పసుపు లారీ నడిపే ఆమె భర్త రాజేశ్‌ను అడిగితే, "నాయినకు నేను చెప్ప. నువ్వే చెప్పు, నీ మాటైతే ఇంటడు" అని ఫోన్ పెట్టేశాడు. నిండు లారీని ఘాట్ రోడ్డు ఎక్కించే మొనగాడు, కన్నతండ్రి ముందు పిల్లి. సంధ్యకూ నోరు రాలేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు పని నేర్పింది ఆయనే. పప్పుగుత్తులు, చపాతీ కర్రలు ఇప్పుడు మిషన్ మీద ఆమే తిప్పుతుంది. నేర్పిన చేతినే పనికిరాదని ఎలా అంటుంది? అందుకే ఆమె కూడా పిడినే తప్పుబట్టి, ఫోన్‌లో వెతికి ఇవి తెప్పించింది. పొడుగు పిడి బరువుగా ఉంటుంది, వణుకును కొంత అణుస్తుంది అని వీడియోలో ఎవరో చెప్పారు. ఆ మాట పట్టుకుని ఆశపడింది.

ఆయన పొడుగుదాన్ని చూడగానే ముఖం చిట్లించాడు. "గీ గడ్డపార నాకెందుకు? పొట్టిది బిగియ్యి."

కొత్త వస్తువుకు పసుపు పెట్టకుండా వాడటం ఆ ఇంట్లో లేదు. వేరే ఊళ్లలో బొట్టు పెడతారు, ఆర్మూరులో పూత పూస్తారు. ఊరి నిండా పండేదాన్ని పిసినారిలా ఎందుకు పెట్టాలి? నీళ్లలో కలిపిన పసుపు ఆ నున్నటి పిడుల మీద నిలవలేదు, ఆరగానే పొడిపొడిగా రాలింది. అది అపశకునంలా తోచి సంధ్య మనసు కీడు శంకించింది. మంచినూనెలో కలిపి మళ్లీ పూసింది. ఉలి దూరే బెజ్జం పిడికి గడపలాంటిదే కదా అనుకుని, అందులోనూ వేలు పెట్టి చుట్టూ రాసింది. మామకు ఏమీ కాకూడదని దేవుడికి చెప్పుకుంటూ మరీ రాసింది.

లక్ష్మీనర్సయ్య టేకు ముక్కను మిషన్‌కు ఎక్కించి, పొట్టి పిడిలో ఉలి బిగించి, స్విచ్ వేశాడు. సంధ్య ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని పక్కనే నిలబడింది. ఉలి ఆనగానే పొట్టు సన్నగా లేచింది. ఆయన ముఖంలో పాత ధీమా కనిపించింది.

"జూసినవా, పిడి మంచిదైతే" అని ఆయన అంటుండగానే ఉలి పిడిలో పక్కకు తిరిగి, అంచు కర్రలో దిగబడింది. టేకు ముక్క ఊడి ఎగిరి రేకు తలుపును ధన్‌మని కొట్టింది. సంధ్య స్విచ్ ఎప్పుడు ఆపిందో ఆమెకే తెలియదు.

అదృష్టం బాగుంది, బొటనవేలి మీద తోలు లేచిందంతే. ఆయన స్టూలు మీద కూలబడి కుడిచేతిని ఎడమచేతిలో పెట్టుకున్నాడు.

"అయిపోయింది బిడ్డ. పిడి గాదు, నా చెయ్యే పోయింది. ఇగ నేను ఉలి ముట్ట."

ఇన్నాళ్లూ ఆమె వినాలని మొక్కుకున్న మాట అదే. కింద పడ్డ ఉలినీ పిడినీ తీసింది. బోల్టు బిగించే ఉంది, అయినా లాగీ లాగకముందే ఉలి జారి చేతికి వచ్చింది. తోక మీద నూనె, పచ్చగా. ఇది ఆయన చేతి తప్పు కాదు, తన వేలి తప్పు.

చెప్పకపోతే ఏం పోతుంది? ఆయన మిషన్ దగ్గరికి రాడు, ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రపోతారు. గుడ్డపీలిక తీసుకుని గబగబా తుడవడం మొదలుపెట్టింది.

"బాల్కొండ గంగాదాస్‌కు ఫోన్ కొట్టు," అన్నాడు ఆయన. "మెట్ల కోళ్లు ఇంకెవలితోనన్న చేయించుకొమ్మను. ముసలోని చెయ్యి పడిపోయిందని చెప్పు."

ఎవరి చేతి గురించో చెప్తున్నట్టు అన్నాడు. ఆమె నంబరు నొక్కింది. అవతల రింగవుతుంటే మామ ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. అది చూడలేకపోయింది. ఫోన్ కట్ చేసింది.

"మామా, తప్పు నాది. పసుపు నూనెల కలిపి బెజ్జం లోపలిదాక పూసిన. బోల్టు ఎంత బిగిస్తే ఏంది, నూనె మీద ఉలి తిరిగింది. నీ చెయ్యి గాదు."

ఇప్పుడు ఆయన లేచి మళ్లీ మిషన్ దగ్గరికి పోతాడు, అనుకుంది. రేపు ఏమైనా అయితే ఆ పాపం తన మాటదే.

లక్ష్మీనర్సయ్య ఉలి అందుకుని తోక మీద వేలితో రాసి, వాసన చూశాడు.

"గిది ఇయ్యాల్టిది," అన్నాడు. "మరి మొన్న నా పక్కబొక్కలకు తాకిన ఉలికి పసుపు ఎవలు పూసిండ్రు?"

సంధ్య తలదించుకుంది.

"రాజేశ్‌గానికి ఎరుకే, అనడు. నీకు ఎరుకే, అనవు. ఊకె పిడులు తెప్పిస్తున్నవు."

"భయమైతుంది మామా."

"నాకు గాదా? స్విచ్ ఏసినప్పుడల్ల అయితది. గని ఇంట్ల ఉత్తగ కూసుందమంటే ఇంకింత అయితది."

భయమన్న మాట ఆయన నోటి నుంచి ఆమె వినడం అదే మొదలు. సంధ్యకు కళ్లు నిండాయి. ఆయన చూడనట్టే ఉండి, లేచి పొడుగు పిడి తీసుకున్నాడు. గుడ్డపీలికను పుల్లకు చుట్టి బెజ్జం లోపల తిప్పి తిప్పి, పసుపు అంటనంత వరకూ తుడిచాడు. ఉలి తోకనూ తుడిచి దూర్చి, బోల్టు ఆమెతో బిగించుకున్నాడు. కొత్త ముక్క ఎక్కించాడు.

"పొట్టిది తుడిచి వాపసు పంపు. అది ఒక్కని పిడి. దీనికైతే ఎనుక ఇంకొకరు పట్టనీకి జాగ ఉన్నది. నువ్వు ఎనుక పట్టు, ముందట నేను జూసుకుంట."

సంధ్య ఆయన పక్కన, ఒక అడుగు వెనగ్గా నిలబడి, పిడి చివరను నడుముకు ఆనించి రెండు చేతులతో పట్టుకుంది. మిషన్ ఇంకా ఆగే ఉంది. అయినా పిడి కదులుతోంది. ఇన్నాళ్లూ చాయ్ గ్లాసులో చూసిన వణుకు ఇప్పుడు ఆమె అరచేతుల్లోకి వచ్చింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా ఉంది. ఇంత వణుకుతోనా ఈయన ఇన్నాళ్లూ కోళ్లు తిప్పాడు? పిడి వదిలేసి బయటికి పారిపోవాలనిపించింది.

"తెలుస్తుందా?" అని అడిగాడు ఆయన, తల తిప్పకుండా.

"తెలుస్తుంది మామా."

"అయితే గట్టిగ పట్టు," అని ఎడమచేత్తో స్విచ్ వేశాడు.