రాజకుమారికి పెట్టిన రెండో సాద్

ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్లలో ఆ ఆదివారం మధ్యాహ్నం రాజకుమారికి సాద్ పెట్టారు. కడుపుతో ఉన్న ఆడపిల్లకు కోరినవన్నీ వండి తినిపించే బెంగాలీ వేడుక అది. మూడు తరాలుగా కలకత్తాలో ఉంటున్న మన శ్రీకాకుళం వాళ్లకూ అలవాటైపోయింది. విచిత్రమేమిటంటే రాజకుమారి కడుపుతో లేదు. నూట ఇరవై కిలోల ఆమెకు పదిహేను రోజుల్లో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ జరగాలి.

“తినీయవే తల్లీ! కోసీసినాక నాలుగు మెతుకులకే కడుపు నిండిపోద్దట,” అంటూ అత్త జగ్గమ్మ ఇలిష్ చేప పులుసు వడ్డించింది. ప్రేమతోనే వడ్డించింది సుమా!

“ఈ పాలి సాద్ పొట్టకే పెడతన్నాం!” అని పక్కింటి వేదవతి అంటే అందరూ నవ్వారు. రాజకుమారీ నవ్వింది. పెట్టినదల్లా తినేసింది. ఏదీ రుచి తెలియలేదు.

ఏడేళ్ల కిందట ఆ ఇంట్లోనే ఆమెకు అసలైన సాద్ పెట్టారు. పుట్టిన ఆడపిల్ల మూడో రోజున పోయింది. “మళ్లీ పుడతార్లే” అని ఓదార్చి ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఆ పిల్ల ఊసు మరెవరూ ఎత్తలేదు. రాజకుమారి ఏడవనూ లేదు. భర్త జగన్మోహన్ డ్యూటీకి, అత్త బజారుకి వెళ్లగానే వంటింట్లో నిలబడి తినడం మొదలుపెట్టింది. చల్లన్నం, మరమరాలు, ఏమీ లేకపోతే ఉత్త పంచదార. ఆకలీ లేదు, యావా లేదు. కడుపులో నొప్పి పుడితేగాని చెయ్యి ఆగదు. ఆ కాసేపూ మనసుకు ఏమీ అనిపించదు, ఆమెకు కావలసిందీ అదే. అలాంటి వాళ్లను మనం తిండిపోతులని తేలిగ్గా అనేస్తాం. ఎంత పాపిష్టి మాట!

మర్నాడు భర్తతో కలిసి ఆపరేషన్ ముందు పరీక్షలకు వెళ్తే, భవానీపూర్ ఆస్పత్రిలో కౌన్సెలర్ సుజన అడిగింది. తెలుగావిడే. “ఆకలి లేకపోయినా, ఎవరూ చూడనప్పుడు తింటున్నారా?”

లోగడ రెండుసార్లు రాజకుమారి లేదనే చెప్పింది. ఔనంటే ఆపరేషన్ తేదీ పోతుందని భయం. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేకపోతోంది మరి. ఈసారీ తల అడ్డంగా ఊపింది.

“పోనీ, నిన్న ఏం తిన్నారు?”

“సాదెట్టారు మేడమ్. అన్నీ తినీసినాను. రుచేటో తెలీలేదు.” చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టేసి, “రోజూ అంతే. దొంగతనంగా తింతాను. పిల్ల పోయిన కాణ్ణించీ,” అంది.

“ఊరుకోవే, డేటు పోద్ది!” అని జగన్మోహన్ కంగారుపడ్డాడు.

“పోదండీ. కొన్నాళ్లు వెనక్కి జరగొచ్చు. డాక్టరుగారితో నేను మాట్లాడతాను. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, జబ్బు. ముందు దీనికి వైద్యం చేద్దాం. పొట్టను డాక్టర్లు చిన్నది చేస్తారు. దుఃఖాన్ని మాత్రం ఇంట్లోవాళ్లు కూర్చుని వినాలి,” అంది సుజన.

సాయంత్రం కొడుకు చెప్పిందంతా జగ్గమ్మ వింది. రోజూ ఆ వేళకు కోడలి చేతికి ఏదో ఒక చిరుతిండి అందించే మనిషి, ఉత్త చేతులతో వచ్చి పక్కన కూర్చుంది.

“ఆ పిల్లకి ఏటి పేరెడదామనుకున్నావే?”

ఏడేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. రాజకుమారి గోడవైపు చూస్తూ, “రోజా” అంది. అప్పుడు ఏడ్చింది.

“తిన్నావా” అని అడగడం మనందరికీ వచ్చు. జగ్గమ్మ అడిగినట్టు అడగడం కూడా మన ఇళ్లలో నేర్చుకోవాలి.