దోన్కా చెప్పిన మనిషి

గోధుమరంగు బూట్లు వచ్చి కిటికీ ముందు ఆగాయి. ఎడమ బూటు మడమ లోపలివైపు అరిగి ఉంది. దోన్కా తలెత్తకుండానే సన్న సిగరెట్ల పెట్టె ఒకటి, నీళ్ళ సీసా ఒకటి తీసి గట్టు మీద పెట్టి, అద్దం తుడిచే పనిలో మళ్ళీ పడింది. రెండో అంతస్తు స్నెజానా పొద్దున్నే ఆఫీసుకు పోతూ కొనేవి ఆ రెండే. కానీ ఆ పూట చెయ్యి కిందికి రాలేదు. బూట్లు అక్కడే నిలబడిపోయాయి. ఏదో జరిగిందని దోన్కాకు అప్పుడు అర్థమైంది.

దోన్కా కొట్టు ఆ మేడ నేలమాళిగలోనే ఉండేది. లోపల ఆమె నిలబడితే కళ్ళు సరిగ్గా వీధి ఎత్తుకు వచ్చేవి. బయటివాళ్ళకు కిటికీ మోకాళ్ళ దగ్గర ఉండేది. అగ్గిపెట్టె కావాలన్నా గొంతుక్కూర్చోవాల్సిందే. మా సోఫియా నగరంలో ఇలాంటివి ఒకప్పుడు ప్రతి వీధిలోనూ కనిపించేవి, మేం వాటిని వంగుడు కొట్లు అనేవాళ్ళం. మా వీధిలో చివరికి ఇదొక్కటే మిగిలింది. మంత్రిగారైనా సరే, మా దోన్కా దగ్గర పొద్దుతిరుగుడు గింజలు కొనాలంటే నడుం వంచాలని మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మంత్రులెవరూ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

మోకాళ్ళ నొప్పుల వాళ్ళకని ఆమె కిటికీ కింద ఒక దిండు వేసేది. ఎర్ర రెక్సిన్ దిండు. పూర్వం తను పనిచేసిన కుట్టు ఫ్యాక్టరీ మూతపడిన రోజున మిగిలిన ముక్కలు తెచ్చి తనే కుట్టింది. పొద్దున కొట్టు తెరవగానే చెయ్యి బయటికి చాపి దాన్ని పరిచేది, సాయంత్రం మూసేముందు మళ్ళీ లోపలికి లాక్కునేది. వెడల్పాటి ముఖం, చెవుల వెనక్కి దోపుకున్న నెరిసిన జుట్టు, చలికి కణుపులు ఎర్రబడిన చేతులు. మాకు తెలిసిన దోన్కా అంతవరకే. మిగతా మనిషి గట్టు కిందే ఉండిపోయేది.

స్నెజానా చివరికి దిండు మీద ఒక మోకాలు ఆనించింది.

“పిన్నీ, ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టాను. మా వంటింటి కప్పు కారుతోంది.”

“ఎప్పట్నుంచి?”

“రెండు మూడు రోజులైంది. నీతో చెప్పడానికి నోరు రాలేదు. పైన బోరిమిర్ గారి స్నానాలగది బాగుచేసింది మెతోది కదా. నువ్వు చెప్పిన మనిషే. అతను పైపులు ముట్టుకుని వెళ్ళాడు, ఇటు నాకు కారుడు మొదలైంది. బోరిమిర్ గారు గ్రూపులో పెద్ద పురాణమే రాశారు. చేతకానివాడట, మోసగాడట. దోన్కాకు ఈ మేస్త్రీలు కమిషన్ ఇస్తారని కూడా ఎవరో అన్నారు.”

దోన్కా చేతిలోని గుడ్డ ఆగింది.

మా వీధివాళ్ళందరూ ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నారు. వెలగని వీధిదీపం, ఎవరిదో మొరిగే కుక్క, చెత్తకుండీకి అడ్డంగా నిలిపిన కారు, మంచి పళ్ళ డాక్టరు, చవకలో రంగులు వేసేవాడు, అన్నీ అందులోనే. అంతకుముందు ఆ గ్రూపు దోన్కాయే. కరెంటు మనిషి కావాలన్నా, తాళం బాగుచేసేవాడు కావాలన్నా ఆమె కిటికీ దగ్గర గొంతుక్కూర్చుని అడిగేవాళ్ళం. ఆమె అంత తేలిగ్గా ఎవరి పేరూ చెప్పేది కాదు. ముందు ఆ మనిషిని ఊరి చివర ల్యూలిన్‌లో ఉన్న తన ఇంటికి పిలిపించి ఏదో ఒక పని చేయించేది. అందుకోసం బాగున్న కుళాయిలు మార్పించింది, గట్టిగా ఉన్న తలుపులు ఊడదీయించి మళ్ళీ బిగింపించింది. ఊళ్ళో అన్నిసార్లు బాగుచేసిన ఇల్లు ఆమెదొక్కటే అయివుంటుంది.

వచ్చినవాడు గుమ్మంలో బూట్లు విప్పుతాడా, పోయేముందు ఊడుస్తాడా అని చూసేది. అన్నిటికంటే ముఖ్యం, వచ్చీ రాగానే “ఇది ఎవడు చేశాడమ్మా మీకు?” అని పాతవాణ్ణి తిట్టాడో, వాడి పేరు మళ్ళీ ఆమె నోట వచ్చేది కాదు. మా దేశంలో ఆ మాట అనకుండా పని మొదలుపెట్టే మేస్త్రీ దొరకడం ఎంత కష్టమో మాకే తెలుసు. మెతోది అననివాడు. భర్త పోయాక, ఫ్యాక్టరీ పోయాక, దోన్కాకు ఆస్తి అంటూ మిగిలింది ఆ ఎంపిక, దాని మీద మాకున్న నమ్మకం. ఇప్పుడు దానికే ఎసరొచ్చింది.

“కమిషన్ అన్నది ఎవరు?” అంది దోన్కా.

“తెలీదు పిన్నీ.”

“తెలుసు నీకు. సర్లే, చెప్పొద్దు. మధ్యాహ్నం ఇంట్లోనే ఉండు. మీ కప్పు నేను చూస్తాను.”

“నువ్వా? పైకి వస్తావా?”

“ఏం, రాకూడదా?” అని సిగరెట్ల పెట్టె ముందుకు తోసింది.

మెతోది మధ్యాహ్నం వచ్చాడు. సున్నం పట్టి తెల్లబడిన బూట్లు, వాటి పక్కన నేల మీద పనిముట్ల సంచి. గొంతుక్కూర్చున్నాడు. ఆమె ఇచ్చిన కాఫీని చేతుల్లో తిప్పుతూ ఉన్నాడు.

“నా ఫోను మోగడం మానేసింది అక్కా” అన్నాడు చివరికి. “పైపు నేను బాగానే బిగించాను. రెండుసార్లు చూసుకున్నాను కూడా. మళ్ళీ ఓసారి చూస్తానని వెళితే బోరిమిర్ గారు తలుపు తీయలేదు. ఇంతమంది అంటుంటే, నిజంగానే నా చెయ్యి తప్పిందేమోనని నాకే అనిపిస్తోంది.”

“నీకు అనిపించకూడదు. నీకే అనిపిస్తే నేనేం చెప్పుకోను?” అంది దోన్కా. “కాఫీ తాగు. పోదాం పద.”

ఆమె పట్టపగలు కిటికీ మూయడం మేమెవరమూ చూడలేదు. ‘ఇప్పుడే వస్తాను’ అని అట్టముక్క తగిలించి, నేలమాళిగ మెట్లెక్కి వీధిలోకి వచ్చింది. మనిషి పొట్టి. లావుపాటి ఉన్ని మేజోళ్ళు, నల్ల స్వెటరు. ఎదురైన మా వీధి పెంచో తాత చేతికర్ర ఆనించుకుని అలా చూస్తూ నిలబడిపోయాడు.

“ఓసి దోన్కా! నీకు కాళ్ళు కూడా ఉన్నాయటే?”

“నీ బూట్లకి పాలిష్ పెట్టి ఎన్నాళ్ళయింది తాతా? కింద నుంచి నేనే చూడాలి వాటిని రోజూ” అంటూ ఆమె మేడలోకి నడిచింది.

మెట్ల దారంతా ఊరవేసిన క్యాబేజీ వాసన. నవంబరు కదా, చలికాలానికని ఇంటింటా పీపాల్లో ఉప్పునీళ్ళు పోసి దాన్ని ఊరవేసే నెల, ఏ ఇంటి దారైనా అంతే. మలుపు దగ్గర ఆమె గోడకు ఆనుకుని రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. మెతోది సంచి దించాడు. “ఏం లేదు, ఎక్కడం అలవాటు తప్పింది” అని మళ్ళీ కదిలింది.

స్నెజానా చాలామందిలాగే బాల్కనీకి అద్దాలు బిగించి దాన్నే వంటిల్లు చేసుకుంది. కప్పు మీద పచ్చటి మరక దుప్పటంత వెడల్పున పరుచుకుని ఉంది. మధ్యలో ఒక బొట్టు తయారై, కాస్త ఆలోచించుకుని, కింద పెట్టిన గిన్నెలో పడుతోంది. మెతోది తల ఎత్తి గోడ వెంట చూపు పోనిచ్చాడు.

“స్నానాలగది అటు చివర కదమ్మా. నీళ్ళు పాకుతాయి, కాదనను. కానీ ఇంత దూరమా?”

దోన్కా కుర్చీ లాక్కుని ఎక్కింది. వద్దు వద్దంటూ స్నెజానా నడుం పట్టుకుంది. దోన్కా వేలితో ఆ బొట్టును అందుకుని నోట్లో పెట్టుకుంది. చప్పరించింది. ఇంకో బొట్టు కూడా రుచి చూసింది.

“అయ్యో పిన్నీ, మురికినీళ్ళేమో!”

“ఇలా రా. నువ్వు కూడా నాలిక్కి రాసుకో.”

స్నెజానా ముఖం వికారంగా పెట్టుకునే వేలు ముంచింది. తర్వాత ఆ ముఖం మారిపోయింది.

“ఉప్పగా ఉంది. పులుపు కూడా.”

“కుళాయి నీళ్ళకి పులుపెక్కడిదే పిచ్చిపిల్లా? ఇది క్యాబేజీ ఊట. ఇల్లంతా ఆ వాసనే కదా, మరకకీ అదే వాసనొస్తే మనకెలా తెలుస్తుంది?” అని దోన్కా కుర్చీ దిగింది. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. “పై అంతస్తుకి పదండి. మెతోదీ, నువ్వు ముందు నడు.”

బోరిమిర్ గారు బొజ్జ మీద బిగిసిన బనీనుతో తలుపు తీశారు. ముందున్న మెతోదిని చూసి గొంతు పెంచబోయారు, కానీ వెనక దోన్కా కనిపించేసరికి ఎవరో పోల్చుకోలేక ఆగిపోయారు. ఆయన సిగరెట్లకు ఎప్పుడూ భార్యనే పంపేవారు. వంగడం ఆయన ఒంటికీ పడదు, హోదాకూ పడదు.

“మీ పీపా చూడాలి” అంది దోన్కా.

“ఏ పీపా?”

“క్యాబేజీ పీపా.”

క్యాబేజీ మాట వినగానే ఆయన ముఖం విప్పారింది. బాల్కనీలోకి తనే దారి చూపించారు. నిండుగా, నీలంరంగు ప్లాస్టిక్ పీపా. దాని కింద పాత కంబళి తడిసి బరువెక్కి ఉంది. అడుగున ఉన్న చిన్న కుళాయి నుంచి ఒక్కో బొట్టూ దాని మీద చప్పుడు లేకుండా రాలుతోంది.

“ఈ ఏడు రకం ఎంత బాగా దొరికిందనుకున్నారు! నీళ్ళు తెగ తాగుతోంది. అడుగు నుంచి ఊట పట్టి పైన పోసినప్పుడల్లా తగ్గుతోంది, మళ్ళీ ఉప్పునీళ్ళు కలిపి నింపుతున్నా. ఇలా తాగే క్యాబేజీ నా జన్మలో చూడలేదని మా తమ్ముడికి కూడా ఫోన్ చేసి…” అంటూ ఉండగానే ఆయన చూపు కుళాయి మీద పడింది. అక్కడ నుంచి కంబళి మీదికి దిగింది. తర్వాత స్నెజానా వంక తిరిగింది. గొంతు దానంతటదే సన్నబడింది.

మెతోది సంచి పక్కన పెట్టాడు. వంగి, రెండు వేళ్ళతో కుళాయిని కాస్త తిప్పాడు. బొట్టు ఆగింది. కంబళి పిండి కడ్డీ మీద ఆరేశాడు, సంచిలోంచి గుడ్డ తీసి నేల తుడిచాడు. దోన్కా అతని చేతుల్నే చూస్తూ నిలబడింది. ఆ ఎంపిక నాది అని ఆమెకు గట్టిగా అరవాలనిపించింది.

“సర్లెండి” అన్నారు బోరిమిర్ గారు. “ఏదో చిన్న పొరపాటు జరిగిందని గ్రూపులో రాసేస్తాను.”

“అక్కడ ఏం రాసుకుంటారో మీ ఇష్టం. నాకా ఫోను లేదు. సాయంత్రం అందరూ ఇళ్ళకొచ్చే వేళకి నా కిటికీ దగ్గరికొచ్చి చెప్పండి. మెతోది అక్కడే ఉంటాడు.”

“అమ్మా, నా మోకాళ్ళ సంగతి…”

“దిండు ఉందండీ” అంది దోన్కా.

సాయంత్రం ట్రాము దిగిన బూట్లు ఒక్కొక్కటే కిటికీ ముందు నుంచి పోసాగాయి. కొన్ని ఊరికే ఆగాయి కూడా, స్నెజానా అందరికీ చెప్పకుండా ఊరుకోలేదు మరి. అప్పుడు మెరిసే నల్ల బూట్లు వచ్చాయి. ఇన్నేళ్ళలో దోన్కా ఆ జతను చూడటం అదే మొదటిసారి. బోరిమిర్ గారు సూటు వేసుకొచ్చారు. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఉస్సురంటూ ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది దిండు మీద దించారు.

“మేస్త్రీ” అన్నారు, పక్కన నిలబడ్డ మెతోది వైపు చూసి. “తప్పు నాది. నీ పని బాగుంది. దోన్కా గారూ, కమిషన్ అన్న మాట కూడా నేనే అన్నాను. అది కూడా తప్పే.”

“మంచిది” అంది దోన్కా. “ఆ క్యాబేజీ కుదిరాక నాకో ముక్క పంపండి. రుచి ముందే చూశాలెండి, ఉప్పు కాస్త ఎక్కువ.”

వీధి వీధంతా నవ్వింది. ఆయనా నవ్వారు. లేవబోయారు గానీ లేవలేకపోయారు. మెతోది వెనక నుంచి చంకల్లో చేతులు వేసి లేపి నిలబెట్టాడు. ఆ గొడవలోనే మెతోది జేబులో ఫోను మోగింది. అతను తీసి వింటూ, “రేపు పొద్దున వస్తానమ్మా, బూట్లు బయటే విప్పుతాలెండి” అనడం దోన్కాకు వినిపించింది. ఆ సాయంత్రం ఆమెకు చాలా గర్వంగా ఉంది. దాన్ని దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. వచ్చిన ప్రతివాళ్ళకూ చిల్లరతోపాటు ఒక చాక్లెట్ ఇచ్చింది.

మూసే వేళ అయింది. దిండు తీయడానికి చెయ్యి బయటికి చాపింది. రెక్సిన్ మీద బోరిమిర్ గారి మోకాళ్ళ గుంటలు రెండు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని తడిమి చూసింది. ఇవాళ్టికి అక్కడే ఉండనీ అనుకుని కిటికీ వేసేసింది.

ట్రాములో ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. ల్యూలిన్ దాకా చాలాసేపే పడుతుంది. చివరి స్టాపులో అందరూ దిగిపోయాక, నిద్రపోతోందనుకుని డ్రైవరమ్మ ఆమె భుజం తట్టింది. దోన్కా లేవలేదు.

మా దగ్గర ఎవరైనా పోతే ఫొటో వేసిన నల్ల అంచు కాగితం వాళ్ళ గుమ్మానికి అంటిస్తాం. ఆమెకు పిల్లలు లేరు. కాగితం స్నెజానా అచ్చు వేయించింది, కింద సంతకం చోట ‘మీ వీధి’ అని పెట్టించింది. మెతోది దాన్ని కొట్టు కిటికీ అద్దం మీదే, ఆమె ముఖం కనిపించే చోటే అంటించాడు. అది చదవాలంటే వంగాలి. అందరం వంగాం. పెంచో తాత కర్ర పక్కన పడేసి మరీ గొంతుక్కూర్చున్నాడు, ఆ రోజు ఆయన బూట్లు మెరుస్తున్నాయి. బోరిమిర్ గారు ఎవరి సాయమూ అడగకుండా మోకరిల్లారు, లేవడానికి తొందరపడలేదు.

ఆ శీతకాలంలోనే, వీధికి కొత్తగా వచ్చినావిడ గ్రూపులో అడిగింది, నీళ్ళ పైపు పగిలింది, నమ్మకమైన మనిషి ఎవరైనా ఉన్నారా అని. అందరికంటే ముందు బోరిమిర్ గారు జవాబిచ్చారు. “మెతోది. దోన్కా చెప్పిన మనిషి.” ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ రాయలేదు.

దిండును ఎవరూ తీయలేదు. మంచు పడిన పొద్దుల్లో ఎవరో ఒకరు దాన్ని దులిపి పోతూనే ఉన్నారు. మూసిన కిటికీ కింద ఆ ఎర్ర రెక్సిన్ దిండు, దాని మీద రెండు మోకాళ్ళ గుంటలు.