మిత్రులకు సెలవు లేదు

నగరసభలో సమానత్వం గురించి గొంతు చించుకునే పార్టీ ఒకటుంది. దాని తీర్మానాలు, ఉపన్యాసాలు రాసేది ‘కామా’. అది అతని అసలు పేరు కాదు. కామా అటూ ఇటూ అయితే అన్నం సహించని మనిషి కనుక అందరూ అలాగే పిలుస్తారు. అదే భవనంలో మెట్లు తుడిచేది అతని అక్క. ఆ జీతంతోనే తమ్ముణ్ణి చదివించుకుంది.

ఆమెను అక్కడివాళ్ళు ‘ఏయ్ చీపురూ’ అని పిలిచేవారు. అది విన్నప్పుడల్లా కామా రాస్తున్న వాక్యం సగంలోనే ఆపేసేవాడు. అందుకే నిరుడు ఒక తీర్మానం రాశాడు. ఇకమీదట పారిశుధ్య కార్మికులు ఉండరు, అందరూ ‘పరిశుభ్రతా మిత్రులు’. సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. మర్నాటినుంచి పెద్ద పెద్ద అధికారులు కూడా “మిత్రమా, కాస్త దారిస్తారా?” అనడం మొదలుపెట్టారు. చెప్పొద్దూ, అక్క నడకే మారిపోయింది.

ఈ నెలలో ఆమె కుడి మణికట్టుకి ఆపరేషన్ చేయాలన్నారు. ఆలస్యమైతే వేళ్ళు పనికిరావన్నారు. ఆరు వారాల సెలవుకి అర్జీ పెట్టుకుంటే, సెలవుల గుమాస్తా నియమాల పుస్తకం తిరగేసి, “ఇది కార్మికులకమ్మా. మీరిప్పుడు మిత్రులు కదా!” అన్నాడు. వెటకారానికి కాదు, పాపం నిజంగానే అన్నాడు. సెలవు లేకుండా మానేస్తే ఆ పని ఇంకొకరికి పోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

కామా పరుగున తమ పార్టీ కౌన్సిలరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

“నియమాల్లో మిత్రులన్న మాట చేర్పిస్తే చాలు మేడమ్.”

“చేరిస్తే మళ్ళీ అందరికీ జీతంతో సెలవులివ్వాలి. ఆ ఖర్చుకి సభ్యులు ఒప్పుకోరు. ముందు గౌరవం సాధించాం కదా, మిగతావి నెమ్మదిగా చూద్దాం.”

ఆవిడ చెడ్డమనిషేం కాదు. నొప్పి ఆవిడ చేతిలో లేదు, అంతే.

కామా తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చాడు. ఎందుకంటే ఈ సంగతి అతనికి ముందే తెలుసు. నిరుడు చిత్తుప్రతి అంచున న్యాయ విభాగం ముసలాయన పెన్సిలుతో రాశాడు: ‘సెలవుల నియమాల్లో ఈ మాట లేదు, చూసుకోండి.’ చూసుకుంటే ఖర్చు మాట వస్తుంది, తీర్మానం వాయిదా పడుతుంది. తర్వాత చూద్దాంలే అనుకుని రబ్బరుతో చెరిపేశాడు. ఒక్క కామా కోసం కొట్లాడే మనిషి, ఒక వాక్యాన్నే మింగేశాడు. తలుచుకుంటే తనమీద తనకే అసహ్యం వేసింది.

అక్క మెట్ల మీద ఎడమచేత్తో తడిగుడ్డ పెడుతోంది. ఆమె ముందు కూలబడి, ఏదీ దాచకుండా అంతా చెప్పేశాడు.

“పాత పేరే మళ్ళీ పెట్టిస్తానక్కా. అప్పుడు సెలవిస్తారు.”

“మళ్ళీ ‘ఏయ్’ అనిపించుకోమంటావా? మర్యాద కావాలంటే చెయ్యి పోవాలి, చెయ్యి కావాలంటే మర్యాద పోవాలి. ఇదేం బేరంరా? రెండూ అడగాలని నీకు తోచలేదా?”

“తోచింది. అడిగితే రెండూ రావేమోనని భయమేసింది.”

“అడగాలో వద్దో మమ్మల్ని అడగొచ్చుగా?”

అక్క గుడ్డ పిండబోయింది, కుడిచెయ్యి సహకరించలేదు. సాయానికి కామా చెయ్యి చాపితే పక్కకి తీసుకుంది.

“ఆస్పత్రివాళ్ళకి రాలేనని పొద్దున్నే చెప్పేశాను,” అంది. తలెత్తకుండానే, “ఆరోజు సభలో నువ్వు రాసింది కౌన్సిలరమ్మ చదువుతుంటే, వెనక నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టానురా. ఈ చేత్తోనే” అంది.