డ్రమ్ముకు పూసిన పాలిష్

ఉద్యోగం నుంచి దిగిపోయి ఏళ్ళు గడిచినా, మనిషి ముఖం చూడగానే వీడి దగ్గర టికెట్ ఉందా లేదా అన్న అనుమానమే ముందు పుట్టేది చెకింగ్ గారికి. మరి రైళ్ళలో జన్మంతా అదే పని చేశాడాయె! ఇంటికి వచ్చిన ప్లంబరు నవ్వితే, వీడు పాత కొళాయే మళ్ళీ బిగించి పోతాడని అనుమానం. పక్కింటాయన పలకరిస్తే, నిచ్చెన అడగడానికే వచ్చాడని అనుమానం. అలాంటి మనిషికి వియ్యంకుడిగా ఎవరు దొరికారో తెలుసా? పళ్ళ డాక్టరు. పొద్దున లేచింది మొదలు నవ్వుతూనే ఉండే మనిషి. ఇక చెకింగ్ గారికి కంటి మీద కునుకు ఎలా వస్తుంది చెప్పండి!

పైగా ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఊరి చివర సరస్సులో అరవై దాటినవాళ్ళకు పడవ పందేలు జరుగుతాయి. మనిషికో చిన్న తెరచాప పడవ. నీళ్ళలో లంగరు వేసి నిలిపిన నారింజరంగు డ్రమ్ములను ఎడమచేతి వైపు ఉంచుకుని చుట్టి రావాలి. పడవ డ్రమ్ముకు తగలకూడదు. తగిలిందా, ఎవరూ ఈల వేయరు, జెండా ఊపరు. తగిలించినవాడే పక్కకు తప్పుకుని, తన పడవను తానే ఒక చుట్టు గిర్రున తిప్పుకుని, ఆ ఆలస్యం భరించి మళ్ళీ పందెంలో కలవాలి.

ఈ పద్ధతి వినగానే చెకింగ్ గారు, చేరిన రోజే, క్లబ్బు సెక్రటరీని నిలదీశాడు. "ఎవరి శిక్ష వాళ్ళే వేసుకోవాలా? టికెట్ లేనివాడు తనంతట తానే వచ్చి, అయ్యా నా దగ్గర టికెట్ లేదు అంటాడా? ఎక్కడైనా ఉందామ్మా ఈ చోద్యం?"

"ఇక్కడ ఉందండీ," అంది సెక్రటరీ. ఆవిడ గొంతు అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది. అందుకే ఆవిడకు ఆ పదవి.

ఈ ఏడాది లెక్కలన్నీ తేలి, చివరకు వియ్యంకులిద్దరూ సమానంగా నిలిచారు. మిగిలింది ఒక్క పందెం. అది గెలిచినవాడు సముద్రంలో జరిగే పెద్ద పందేలకు వెళ్తాడు. చెకింగ్ గారు జీవితమంతా జనాన్ని సముద్రం ఉన్న ఊరి దాకా చేర్చి, వచ్చిన రైల్లోనే వెనక్కి తిరిగినవాడు. ఆ స్టేషను గోడ అవతల అలల చప్పుడు విన్నాడే గాని, ఒక్కనాడు గోడ దాటి చూడలేదు. అందుకని ఈసారి ఎలాగైనా వెళ్ళాలి. ఇంట్లో ఈ మాట ఎవరికీ చెప్పలేదు గాని, అటక మీది పెట్టె దించి దుమ్ము దులిపి పెట్టుకున్నాడు.

కాని మధ్యలో ఈ డాక్టరు వ్యవహారం ఒకటి అడ్డొచ్చింది. ఈ మధ్య ప్రతి పందెంలోనూ ఇదే తంతు. చివరి డ్రమ్ము తిరిగేటప్పుడు చెకింగ్ గారు ముందు, డాక్టరు ఆయన వెనకాలే. సరిగ్గా అక్కడ "దబ్" మని మెత్తగా ఒక చప్పుడు. తిరిగి చూస్తే డాక్టరు పడవ డ్రమ్ము పక్కనే ఉంటుంది. డాక్టరు ఏదో అనబోయి నోరు మూసుకుంటాడు. పడవను మాత్రం తిప్పడు! హాయిగా నడుపుకుని వచ్చేస్తాడు.

"డ్రమ్ముకి కొట్టి కూడా తిప్పుకోడే! చదువుకున్నవాడు, సంఘంలో పెద్దమనిషి!" అని ఇంట్లో చిందులు తొక్కాడు.

"కూతుర్ని ఇచ్చిన ఇల్లు. మీ అనుమానాలు ఆ చెరువులోనే కలిపి రండి. నా గుమ్మంలోకి తేకండి," అంది భార్య. "అయినా అస్తమానం ఆ కళ్ళద్దాలు తుడుస్తారేమిటి? అరిగిపోతాయి."

"ఆవిరి పడుతోంది," అన్నాడు చెకింగ్ గారు విసురుగా.

అదే వారం కూతురు ఫోను చేసింది. అదీ ఇదీ మాట్లాడి, "నాన్నా, కళ్ళజోడు మార్పించి ఎన్నాళ్ళయింది నీకు?" అని అడిగింది. చెకింగ్ గారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎన్నడూ లేనిది ఇప్పుడెందుకీ ఆరా? మామగారు అడగమన్నాడన్నమాట! కళ్ళు కనపడవని పుకారు పుట్టించి పందెం నుంచి తప్పించే ఎత్తు! సొంత కూతురు అవతలి పక్షం చేరిపోయిందని ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. ఫోను పెట్టేసి బూట్ల పెట్టె తీశాడు. అందులో ముదురు గోధుమరంగు పాలిష్ డబ్బా ఉంది. మైనం కలిసినది, నీళ్ళకు ఒక పట్టాన పోదు. పడవలేమో అన్నీ తెల్లవి.

పందెం రోజు పొద్దున్నే, "డ్రమ్ములు నేను వేసొస్తానమ్మా," అని తెడ్ల పడవ తీసుకుని బయల్దేరాడు. ఎన్నడూ చిన్న పని అందుకోని మనిషి ఇలా ముందుకు వచ్చేసరికి సెక్రటరీ నోరెళ్ళబెట్టింది. చివరి డ్రమ్ము చుట్టూ గుడ్డతో పాలిష్ దట్టంగా పట్టించి, ఏమీ ఎరగనట్టు ఒడ్డుకి వచ్చాడు.

అందరూ పడవలు దింపుతుండగా గొంతు సవరించుకున్నాడు. "పందెం అయ్యాక ప్రతి పడవకీ ఎడమ పక్క చూడాలి. ఎందుకో అప్పుడు చెప్తాను. ఎవరు దొంగో అందరిముందూ తేలిపోతుంది."

అందరూ నవ్వారు. డాక్టరు ముఖంలో మాత్రం, మొదటిసారి, నవ్వు ఆరిపోయింది. దొరికావురా అబ్బాయ్ అనుకున్నాడు చెకింగ్ గారు.

గాలి బాగుంది. మొదటి నుంచీ చెకింగ్ గారిదే పైచెయ్యి. చివరి డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి వెనక డాక్టరు తప్ప దరిదాపుల్లో ఎవరూ లేరు. చుక్కాని తిప్పాడు. తెరచాప విసురుగా అటు మారింది. "దబ్."

"బావగారూ!" అని అరిచాడు డాక్టరు.

ఇప్పుడు బావగారు గుర్తొచ్చాడా! చెకింగ్ గారు వెనక్కి చూడలేదు. తాడు బిగించి దూసుకుపోయి, డాక్టరు కంటే ఒక్క పడవ ముందుగా గీత దాటాడు. సెక్రటరీ ఆయన గెలిచాడని అరిచిన అరుపుకి ఒడ్డున పిట్టలు లేచిపోయాయి. ఆ క్షణంలో స్టేషను గోడ అవతలి అలలు ఆయనకు మళ్ళీ వినిపించాయి.

అందరూ టీకి గదిలోకి వెళ్ళారు. చెకింగ్ గారు వెళ్ళలేదు. నేరుగా డాక్టరు పడవ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ పక్క ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. అప్పుడే తోమిన పళ్ళలా తెల్లగా ఉంది. చేత్తో తడిమాడు. చెయ్యీ తెల్లగానే ఉంది. తుడిచేశాడా? ఎప్పుడు తుడుస్తాడు, పడవ దిగగానే లోపలికి పోయాడుగా! పాలిష్ పోయిందా? గుడ్డ తెచ్చుకుని సరిగ్గా తుడిచి చూద్దామని తన పడవ దగ్గరికి వచ్చాడు. గుడ్డ కోసం వంగాడు.

తన పడవకు, ఎడమ పక్క, జానెడు పొడుగున గోధుమరంగు మరక.

తానే పొద్దున అంటించాడేమోనని ఆశపడ్డాడు. కాని పొద్దున వెళ్ళింది తెడ్ల పడవలో. వేలితో రుద్దాడు. వేలికి అంటింది. వాసన చూశాడు. జన్మంతా రోజూ పొద్దున్నే పీల్చిన వాసన. తెలియకుండా ఎలా ఉంటుంది?

"మూడు పందేల నుంచి చూస్తున్నాను బావగారూ," అన్న మాట వినిపించింది. డాక్టరు వెనకాలే నిలబడి ఉన్నాడు. "మొదటిసారి, తగిలినా కావాలనే వదిలేశారనుకున్నాను. కాని సొంత తమ్ముణ్ణి టికెట్ లేదని రైలు దింపిన మనిషి మీరు. మీరా పని చేసేది? అప్పుడు అర్థమైంది, మీకు డ్రమ్ము కనపడటం లేదని."

"మరి చెప్పొచ్చుగా!"

"చెప్తే నమ్ముతారా?"

నమ్మడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఫిర్యాదు చేస్తే మీరే గెలిచేవారు కదా," అన్నాడు చెకింగ్ గారు. ఇంకా ఎక్కడో ఒక అనుమానం.

"చేస్తే మిమ్మల్ని నీళ్ళలోకి దిగనివ్వరు. తర్వాత నేను పందెం ఎవరితో వేయాలి? అందుకే అమ్మాయితో అడిగించాను. ఒకసారి కుడి కన్ను మూసుకోండి."

"ఎందుకు?"

"మూసుకోండి బావగారూ."

మూసుకున్నాడు. సరస్సు లేదు, డ్రమ్ము లేదు. ఎదురుగా నిలబడ్డ వియ్యంకుడు కూడా గంజిలో ముంచినట్టు కరిగిపోయాడు. అద్దాల మీద ఆవిరి అనుకుని ఇన్నాళ్ళూ తుడుస్తూ వచ్చింది దీన్నన్నమాట. భయం వేసింది ఆయనకు. పసిపిల్లవాడిలా భయం వేసింది.

కన్ను తెరిచేసరికి డాక్టరు జేబురుమాలు తీసి మరక మీద పెట్టాడు. "ఎవరూ చూడలేదు. సముద్రం చూసి రండి. వచ్చాక కన్ను సంగతి చూద్దాం."

చెకింగ్ గారు ఆ రుమాలు వంక చూశాడు. ఒక్క తుడుపు. అంతే. తర్వాత వియ్యంకుడి మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు బావగారూ. నా దగ్గర టికెట్ లేదు."

పడవను నీళ్ళలోకి తోశాడు. గదిలోంచి అందరూ టీ కప్పులతో కిటికీల దగ్గరికి చేరారు. పందెం అయిపోయాక ఈ శిక్ష చెల్లదని ఆయనకూ తెలుసు. అయినా ఒడ్డుకి దగ్గరగా, అందరూ చూస్తుండగా, పడవను చుట్టూ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. తగిలిన ప్రతిసారికీ ఒకటి చొప్పున తిప్పి, ఎవరికీ తెలియనివాటి కోసం ఇంకొకటి తిప్పాడు. తడిసిన బట్టలతో వచ్చి సెక్రటరీ ముందు నిలబడ్డాడు.

"నా పడవ చూడండమ్మా. దొంగను పట్టుకున్నాను. నా పేరు తీసేయండి, గెలిచింది ఆయన."

సెక్రటరీ గెలిచినవాడి పేరు మార్చి చెప్పింది, మొదటిసారి, గది అవతలికి కూడా వినపడనంత మెల్లగా.

బయట మెట్ల మీద డాక్టరు ఆయన పక్కన కూర్చున్నాడు. "సముద్రానికి నేను వెళ్తాను గాని, మీరూ రావాలి. అక్కడ నేను డ్రమ్ముకి తగిలించానో లేదో చూసేదెవరు? నన్ను నేను నమ్మలేను బాబూ."

"ఒంటి కన్నుతోనా చూసేది?"

"రెండు కళ్ళతోనూ. కంటి డాక్టరుకి రేపటికి చెప్పి ఉంచాను."

"నన్నడగకుండానా?" చెకింగ్ గారు భగ్గుమన్నాడు. "వాడు మీ స్నేహితుడేనా? ఎన్నాళ్ళ నుంచి తెలుసు? సరిగా చూస్తాడా అసలు?"

డాక్టరు నవ్వాడు.

చెకింగ్ గారు అద్దాలు తీసి, అలవాటుగా చొక్కా అంచుతో తుడవబోయి, ఆగిపోయి, వాటిని జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నింటికి?" అన్నాడు.