పైడయ్య మీద పడ్డ ఇంగ్లీషు మాట

నేను ఒక మగ్గాన్ని. చేతిమగ్గం అనుకునేరు, కాదు. విజయనగరం దగ్గర ఒక జనపనార మిల్లులో కరెంటు మీద గోనెగుడ్డ నేసినదాన్ని. పుట్టింది కలకత్తాలో. పైడయ్య చేతికొచ్చేసరికే నాకు సగం వయసు దాటింది. మనిషి మంచివాడేగానీ ఒట్టి వాగుడుకాయ. పొద్దున్నే నా వీపు తట్టి ఇంటి సంగతులన్నీ చెప్పేవాడు. పెళ్ళాం అలిగినా ఆ కబురు ముందు నాకే తెలిసేది.

ఏటా ఆయుధపూజ నాడు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ నేలమీద కొట్టేవారు. ఆ ఏడు నేను మాటిమాటికీ ఆగిపోతుంటే దిష్టి తగిలిందని పైడయ్యకు తోచింది. నేలమీద కొడితే చాలదనుకుని కాయ తెచ్చి నా నెత్తిమీదే కొట్టాడు. నీళ్లు మోటారులోకి దిగాయి. మర్నాడు స్విచ్చి వెయ్యగానే మోటారు కాలిపోయి నేను మూలపడ్డాను.

అసలే సమ్మె మాట నడుస్తున్న రోజులు. మేనేజరు వరదాచారి వెంటనే నోటీసు ఇచ్చాడు, సబొటేజ్ అని. అది రుజువైతే ఉద్యోగం పోయినట్టే. ఆ మాటేమిటో తెలియక పైడయ్య యూనియన్ లోకనాథాన్ని అడిగాడు. పగబట్టి, కావాలని యంత్రాన్ని చెడగొట్టడమని లోకనాథం చెప్పి, విచారణలో పొరపాటున కొట్టానని చెప్పు చాలు అని నూరిపోశాడు.

విచారణ నా ముందే పెట్టారు.

"కాయ కావాలనే కొట్టావా?" అన్నాడు విచారణాధికారి.

"కావాలనే కొట్టినాను బాబూ."

లోకనాథం తల పట్టుకున్నాడు. దేవుడి పని పొరపాటున చేశానని ఆ వెర్రిబాగులవాడు ఎలా అంటాడు చెప్పండి?

"దీనిమీద నీకేం కక్ష?"

"కక్షేటి బాబూ? పాతికేళ్లనుంచీ నా పిల్లలకి కూడు పెడతన్నాది. బాగుపడాలని కొట్టినాను."

అధికారి కలం పక్కన పెట్టాడు. చెడగొట్టాలన్న ఉద్దేశం లేనిచోట ఈ మాట వాడకూడదనీ, ఇది ఒట్టి తెలివితక్కువతనమనీ, మందలించి వదిలెయ్యమనీ మేనేజరుకు చెప్పాడు. మేనేజరు ముఖం మాడ్చుకునే ఒప్పుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పైడయ్య మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

"నా పని పోదన్నారు సరే, మరి దీని పని ఉంటాదా బాబూ?"

పాతదయిపోయింది, తుక్కుకి వేసేస్తాం అన్నాడు మేనేజరు. నోటీసు అందినప్పుడు ఏడవనివాడు నా మీద వాలిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు తుక్కుకొట్లో ఉన్నాను. నన్ను చెడగొట్టింది పైడయ్యే, కాదనను. నన్నంత ముద్దుగా చూసుకున్నవాడూ వాడొక్కడే.