కన్నుగీటిన బొమ్మ

బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మా షాపు యజమాని రామస్వామి. రేపు అత్తమ్మను జగిత్యాలలోని కంటి దవాఖానకు తీసుకుపోవాలి, సెలవు కావాలని పొద్దున నేను పెట్టిన మెసేజ్‌కు జవాబు. 'సరే' అని ఒక్క మాట, పక్కన కన్నుగీటి ముద్దు పెడుతున్న బొమ్మ.

పొరపాటున వేలు తగిలిందేమో అనుకున్నాను. కోరుట్లలో ఆయన చీరల షాపులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మగవాళ్ల తప్పుకు వాళ్లకంటే ముందే సాకు వెతకడం పుట్టింట్లోనే నేర్చుకున్నాను. కాసేపటికి మళ్లీ అదే బొమ్మ. ఈసారి కింద 'రేపు నువ్వు లేకుంటే షాపు బోసిపోతది' అని కూడా ఉంది.

రెండూ మా ఆయన జలపతికి పంపాను. ఏడేళ్లుగా మస్కట్‌లో క్రేన్ తోలుతున్నాడు. నాకు జ్వరమని రాసినా బొటనవేలు బొమ్మే పంపేవాడు, బిడ్డకు మంచి మార్కులొచ్చాయని రాసినా బొటనవేలే. అలసట, పని ఒత్తిడి, మా మీద బెంగ అంటూ ఆ వేలికి నేనే అర్థాలు కుట్టి తొడిగేదాన్ని. ఈసారి మాత్రం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్న బొమ్మ వచ్చింది. వెనకే వాయిస్ మెసేజ్.

"గవి ఉత్త బొమ్మలే, పరాచికం. గాయిన పెద్దమనిషి. గని ముందుగాల నువ్వేం పంపినవో చూపెట్టు."

సెలవు అడిగినప్పుడు ఒక దండం, చివర ఒక చిరునవ్వు పెట్టాను. చూపించాను.

"చూసినవా? నువ్వు నవ్వినవు, గాయిన గట్ల పంపిండు."

యజమాని ముద్దు పరాచికమట, నా చిరునవ్వు పిలుపట. ఇంత వాదన తెలిసినవాడు క్రేన్ ఎందుకు తోలుతున్నాడో, వకీలు కావలసిన మనిషి.

గడప మీద కూర్చుని ఇదంతా విన్న మా అత్త మొగిలవ్వ "ఏందే సంగీతా అది, ఇటు తే" అంది. ఆమెకు అక్షరం రాదు. ఒక కంటికి పొర కమ్మింది. ఫోన్‌ను రెండో కంటికి ఆనించినంత దగ్గర పెట్టుకుని చూసింది.

"ఎవడే వీడు, కన్నుగొట్టి ముద్దు వెడ్తున్నడు?"

"మా సేటు పంపిండు అత్తమ్మా."

"మరి నా కొడుకేమంటుండు?"

"ఉత్త బొమ్మ అంటుండు."

"సగం గుడ్డిదాన్ని, నాకే కనవడ్తుంది. వానికేమైందే?"

మరునాడు ఆమెను దవాఖానకు తీసుకుపోయాను. ఆ తర్వాతి రోజు గిరాకీ బాగా ఉన్న వేళ చూసి షాపుకు వెళ్లాను. గల్లాపెట్టె దగ్గర రామస్వామి భార్య కూర్చుని ఉంది. పక్కనే నిలబడ్డ ఆయన ముందు ఫోన్ పెట్టాను.

"సేటూ, గీ బొమ్మ నాకు సమజ్ గాలే. ఉత్త బొమ్మనేనట గద. గీడ అందరి ముందట మీ మొఖంతోని ఒక్కసారి చేసి చూపెట్టుండ్రి."

చీరలు చూస్తున్న ఆడవాళ్లు తలలు తిప్పారు. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"చెయ్యి తగిలిందమ్మా" అన్నాడు. నాలుగేళ్లలో నన్ను అమ్మా అనడం అదే మొదలు.

"రెండుసార్లు తగిలిందా?" అంది ఆయన భార్య, ఫోన్ తీసుకుని చూస్తూ.

నేను టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి వచ్చాను. సాయంత్రానికల్లా మెట్‌పల్లిలో ఇంకో షాపులో పని అడిగాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

సంగతి మస్కట్ చేరనే చేరింది. జలపతి ఫోన్ చేశాడు.

"బజార్ల నా ఇజ్జత్ తీసినవ్. నేనే ఆడ ఉంటేనా..."

"ఉంటే ఏం జేస్తుంటివి?"

"గాయిన పెద్దమనిషి..." అని మళ్లీ అదే అందుకున్నాడు.

"నువ్వు దగ్గర లేవని ఏడేండ్ల సంది ఏడ్చిన," అన్నాను. "ఇగ ఏడ్వ. నిమ్మలంగ ఆడనే ఉండు."