పచ్చపొడి అసలు పేరు

"ఏం పని చేస్తావమ్మా?" డాక్టరు అడిగాడు.

"చెప్పకూడదండీ" అంది పక్కవాటా చెల్లి.

"పోనీ, చేతులతో ఏం ముట్టుకుంటావు?"

"అదీ చెప్పకూడదండీ."

ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళింది నేనే. ఆమె భుజం పట్టుకుని ఆ గదిలో నిలబడ్డాను. అరచేతులు గోళ్ళదాకా పచ్చబడ్డాయి. పెదాలు సిరా పూసుకున్నట్టు నీలంగా ఉన్నాయి. మాటమాటకీ ఆయాసం. డాక్టరు బల్ల పక్కనే ఇంకో కుర్చీలో ఫిరంగి గుళ్ళ ఫ్యాక్టరీ కాపలా మనిషి కూర్చున్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళెవరు వైద్యానికి వచ్చినా అతను దగ్గరుండాలని ప్రభుత్వ ఉత్తర్వు. రోగి నాడి డాక్టరు చూస్తాడు, రోగి నోరు అతను చూస్తాడు.

"ఏం తాకావో తెలియకుండా మందెలా ఇవ్వనమ్మా?" డాక్టరు విసుక్కోలేదు, బతిమాలాడు.

చెల్లి కాపలా మనిషి వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు. చివరికి డాక్టరు బలానికి మాత్రలు రాశాడు. బలమంతా రహస్యానికే పట్టింది. చెల్లి వారం తిరక్కుండా పోయింది.

ఆమె పని చేసింది పచ్చపొడి షెడ్డులో. డ్రమ్ముల మీద అంకె తప్ప పేరుండదు. ఆడవాళ్ళు ఆ పొడిని గరిటెలతో తీసి గుళ్ళలో నింపి కర్రతో కూరతారు. అది గాలిలో తేలుతుంది, జాకెట్లలోకి దిగుతుంది, చెమటతో ఒంటికి పడుతుంది. చేరేముందు అందరి చేతా ప్రమాణం చేయిస్తారు. ఏం చేస్తున్నదీ మొగుడికి చెప్పకూడదు, తల్లికి చెప్పకూడదు, డాక్టరుకు చెప్పకూడదు. చెప్తే ఏడేళ్ళ జైలు. ఇదంతా దేశం కోసమే అంటారు. దేశం ఎవరో గానీ ఆ షెడ్డు గుమ్మం మాత్రం ఎన్నడూ తొక్కలేదు.

మా ఇంట్లో ముందుగది పత్రికాఫీసు, వెనకగది సంసారం. మధ్యలో ఒక కర్టెన్. వసారాలో అచ్చు మిషను. మా ఆయనే సంపాదకుడు, విలేకరి, ప్రూఫులు దిద్దేవాడు. కట్టలు కట్టి తాడు బిగించేది నేను. ఫ్యాక్టరీల వాళ్ళూ కాలేజీ పిల్లలూ చదివే పత్రిక అది. మిషను తిరిగినప్పుడు నా వంటింట్లో గిన్నెలు కూడా సంపాదకీయం చదువుతున్నట్టు మోగేవి.

చెల్లి పోయిన మర్నాడు సాయంత్రం కళ్ళజోడు వచ్చాడు. ఫ్యాక్టరీ పరీక్షగదిలో కెమిస్టు అతను. సోడాబుడ్డి అడుగులంత మందం అద్దాలు కాబట్టి అందరికీ కళ్ళజోడే. కూర్చోమంటే కూర్చోలేదు.

"దాని పేరు డైనైట్రోబెంజీన్ అన్నా. అసలు కూరాల్సిన పేలుడుమందు దొరక్క, చవగ్గా వస్తోందని దీన్ని కలుపుతున్నారు. చర్మంలోంచి రక్తంలోకి పోతుంది. కుందేళ్ళ మీద పరీక్ష చేసింది నేనే. చేతొడుగులివ్వాలి, మాస్కులివ్వాలి, పని దిగేటప్పుడు స్నానానికి నీళ్ళివ్వాలి, రక్తం చూస్తుండాలి అని పైకి చెప్పా."

"ఏమన్నారు?"

"కుందేళ్ళ ఖర్చు మంజూరు చేశారు."

ఎవరూ నవ్వలేదు. అతను మిగతాదంతా వరసగా చెప్పేశాడు. కలిపే పాళ్ళెంతో, నింపిన గుళ్ళు ఏ గోదాములో ఉంటాయో, లారీలు ఏ దారిన పోతాయో, అన్నీ. కడుపులో పెట్టుకున్నది కక్కేసిన మనిషిలా చివరికి గోడకు చేరబడ్డాడు. మా ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో కూడా అంత మెరవలేదు.

"మొత్తం వేస్తాను. ఒక్క ముక్క వదలను. జనానికి అన్నీ తెలియాలి" అన్నాడు.

అప్పటికే షెడ్డు ఆడవాళ్ళు వచ్చి ఉన్నారు. ఫ్యాక్టరీలో సంఘం పెట్టుకోవడం నిషేధం. అందుకని వాళ్ళది సంఘం కాదు, ఊరికే అందరికీ ఒకేసారి మా ఇంట్లో దాహం వేసేది. వాళ్ళకు ముందుండి మాట్లాడే ఆవిడ గంట అక్క. ఆవిడ గొంతు విప్పితే షెడ్డు ఆ చివర ఉన్నవాళ్ళు కూడా పని ఆపి చూస్తారని ఆ పేరు. చెల్లి తల్లి, మేమంతా పెద్దమ్మ అనే ఆవిడ, ఒక మూల కూర్చుంది. కూతురి పనిబట్టలు ఇంకా ఉతికి ఆరేస్తూనే ఉంది. బకెట్లో నీళ్ళు ఇంకా పచ్చగానే వస్తున్నాయి.

"అన్నయ్యా, గోదాము ఎక్కడుందో రాస్తావా?" గంట అక్క అడిగింది.

"నిజమే కదమ్మా."

"నిజమే. నీ నిజం చదివి ఎవడో దానికి నిప్పు పెడితే? పక్క షెడ్డులో ఉండేది మంత్రిగారు కాదు, మేము."

"పత్రిక అన్నాక దాచకూడదు..."

"దాచొద్దు. మమ్మల్ని చంపేదాన్ని దాచొద్దు. మా ఒంట్లోకి పోయేది రాయి, తెలిసి కూడా ఊరుకున్నారని రాయి. లారీ ఏ సందులోంచి పోతే నీకెందుకు, నువ్వేమైనా దానికి డ్రైవరువా?"

ఆడవాళ్ళు నవ్వారు. మా ఆయన మొహం ముడుచుకున్నాడు. గంటసేపు వాదించుకున్నారు. గోదాము పోయింది. లారీల దారి పోయింది. పాళ్ళ దగ్గర మాత్రం కళ్ళజోడే నోరు తెరిచాడు.

"అది పరీక్షగదిలో ముగ్గురికే తెలుసన్నా. అది వేస్తే వేసింది మీరైనా వేలు చూపేది నా మీదికే."

అదీ పోయింది. చివరికి పేజీలో మిగిలినవి పొడి పేరు, ఒంటికి అది చేసే పని, పైవాళ్ళకు ముందే తెలుసన్న మాట, చెల్లిలా చనిపోయిన ఆడవాళ్ళ సంగతి. చదివితే వెన్ను జలదరించేలా ఉంది. ఒక్క గుండు ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక మా ఆయన పద్ధతి ఒకటుంది. ఎవరి మీద రాసినా, అచ్చుకు ముందు వాళ్ళ జవాబు అడుగుతాడు.

"దొంగను అడిగి దొంగతనం రాస్తావా?" గంట అక్క తల కొట్టుకుంది.

"అడగకుండా రాస్తే అది వార్త కాదమ్మా, తిట్టు."

ఆ మాట మీద నాకు ఆయనంటే గౌరవం. మర్నాడు పొద్దున ఆయన ఫ్యాక్టరీని నడిపే ప్రభుత్వ శాఖ కార్యాలయానికి ఫోను చేశాడు. కర్టెన్ ఇవతల నేను కూర తరుగుతూ విన్నాను.

"అయ్యా, షెడ్డులో వాడే పొడి డైనైట్రోబెంజీనేనా? మిశ్రమంలో అది మూడో వంతు దాటిందన్నది నిజమేనా?"

నా కత్తి ఆగింది. "కనుక్కుని చెప్తారట, చాలా మర్యాదగా అన్నారు" అంటూ ఆయన ఫోను పెట్టేశాడు.

కనుక్కున్నారు. పేజీలో అంత జాగ్రత్తగా దాచిన మనిషి ప్రశ్నలో బయటపడ్డాడు. మూడో వంతు సంగతి తెలిసిన ముగ్గురిలో ఇద్దరు శాఖవారి బంధువులు. మధ్యాహ్నానికల్లా కళ్ళజోడును పరీక్షగదిలోంచే లాక్కుపోయారు. సాయంత్రానికి మా ఇంటి ముందు జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టరు మిషనుకు తాళం వేసి లక్క పోసి సీలు కొట్టాడు. వెంట వచ్చిన శాఖ అధికారి మా ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీరు చదువుకున్నవారు. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది. మన దగ్గర అసలు మందు కరువైందని శత్రువుకు తెలిస్తే ఏమవుతుందో ఆలోచించారా?"

మా ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. గుమ్మంలోంచి గంట అక్క అందుకుంది.

"శత్రువుకు తెలియకూడదని మమ్మల్ని మీరే చంపేస్తే, ఇక ఆ శత్రువు వచ్చి చేసే పనేముందండీ?"

అధికారి వినిపించుకోలేదు. "ఒక్క మాట చెప్పండి. మీకు చెప్పింది ఆ కెమిస్టేనని. ఈ సీలు ఇప్పుడే తీయిస్తాను."

"నాతో మాట్లాడినవాళ్ళ గురించి నేను మాట్లాడను" అన్నాడు మా ఆయన. "అతనని చెప్పను. అతను కాదనీ చెప్పను. రేపు ఇంకెవరి పేరు చెప్పి అడిగినా ఇదే జవాబు."

"అయితే పదండి."

చెప్పులు వేసుకుంటూ ఆయన నా వైపు చూశాడు. "మూడో వంతు" అని మాత్రం అన్నాడు. అంతకన్నా ఎక్కువ తిట్టుకోవడం ఆయనకు చేతకాదు.

నేను ఇన్‌స్పెక్టరును అడిగాను. "ఆ పొడి పేరు నాకూ తెలుసండీ. నా నోటికి కూడా లక్క పోస్తారా?"

"అమ్మా, మీరు లోపలికి వెళ్ళండి."

"ఇదే లోపలండీ. మీరే బయటికి వెళ్ళాలి."

వెళ్ళారు, ఆయన్ను తీసుకుని.

మరుసటి రోజు ఆడవాళ్ళకు మళ్ళీ దాహం వేసింది. వెనకగదిలో కిక్కిరిసి కూర్చున్నారు. మా వకీలు కూడా వచ్చాడు. కళ్ళజోడును చూసొచ్చానని, నిలబడలేకపోతున్నాడని చెప్పాడు. అద్దాలు పగలగొట్టారట, గోడ ఎక్కడుందో తడుముకుంటున్నాడట.

"పాళ్ళ సంగతి కోర్టులో ఎత్తడం వాళ్ళకే ఇష్టం లేదు. అందుకని కేసంతా ఒక్క మాట మీద నిలబెట్టారు" అన్నాడు వకీలు. "ఆ పొడి పేరు పరీక్షగదిలోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదని. కాబట్టి చెప్పింది అతనేనని."

"మరి మాకు తెలుసుగా?" అంది ఒకామె.

"తెలుసని చెప్పుకోగలరా?"

గది చల్లబడింది. ప్రమాణం అందరికీ గుర్తొచ్చింది.

"నాకు ఇద్దరు పిల్లలు. ఏడేళ్ళంటే వాళ్ళు నన్ను గుర్తుపట్టరు" అంది మూలన ఉన్న ఒకామె. ఆమె పెదాలు అప్పటికే నీలం తిరిగాయి.

"చెప్తే జైలు. చెప్పకపోతే?" అంది గంట అక్క. "చెప్పని పిల్ల ఎక్కడుందో పెద్దమ్మను అడుగు."

ఆ నీలి పెదాల ఆమె మొహం పైటతో కప్పుకుని ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. ఏడవడం అయ్యాక ఆమే లేచి, "పదండి ముందు డాక్టరు దగ్గరికి. జైలుకైనా ఊపిరాడితేనే కదా వెళ్ళేది" అంది.

డాక్టరుతో చెప్పింది ఆమే, కాపలా మనిషి కుర్చీ ఎదురుగా నిలబడి. డాక్టరు కలం కింద పెట్టాడు. పుస్తకం తీసి చదివి, లేచి, ఆ విషానికి విరుగుడైన నీలిరంగు మందు నరంలోకి ఎక్కించాడు. పొద్దు వాలేసరికి ఆమె పెదాలకు రంగు తిరిగి వచ్చింది. ఒక్క పేరు తెలియక చెల్లికి అందని మందు అది. మర్నాడు డాక్టరుకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆ మందు సంగతి తెలిసినవాళ్ళెవరికీ ఇక నిద్ర పట్టలేదు. కబురు షెడ్డు నుంచి షెడ్డుకు పాకింది. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో కూడా వాళ్ళే తేల్చుకున్నారు. పేరు చెప్పాలి. పాళ్ళు, గోదాము, లారీలు ఎవరి నోటా రాకూడదు.

కోర్టు రోజున షెడ్డులో పని ఆగింది. ఆడవాళ్ళు పనిబట్టలతోనే వచ్చారు. వెనక మిల్లులవాళ్ళు, కాలేజీ పిల్లలు. లోపల పట్టినంతమందిమి బల్లల మీద కూర్చున్నాం. బోనులో మా ఆయన ఒక చేత్తో కటకటాల ఊచను, ఇంకో చేత్తో కళ్ళజోడును పట్టుకుని నిలబడ్డాడు. అద్దాలు లేని ఆ మొహాన్ని నేను వెంటనే గుర్తుపట్టలేకపోయాను.

"బయటపెట్టిన రహస్యం ఏమిటో కోర్టుకు చెప్పండి" అన్నాడు జడ్జి.

ప్రభుత్వ వకీలు గొంతు సవరించుకున్నాడు. "అది అందరి ముందూ చెప్పకూడనిది. హాలు ఖాళీ చేయించాలని మనవి."

జడ్జి తలూపాడు. కానిస్టేబుళ్ళు కదిలారు. పెద్దమ్మ లేవలేదు.

"ఏం బాబూ, మేం వినకూడని మాట ఏంటది?" అంది. "నా పిల్లను చంపినదాని పేరేనా? నేను ఏ ప్రమాణమూ చేయలేదు. డైనైట్రోబెంజీన్. ఇంకేం చెప్తావు, చెప్పు."

ఆవిడను రెక్కలు పట్టి బయటికి ఈడ్చారు. ఆ వెనకే మేమంతా. తలుపులు మూశారు.

ఆవరణలో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఏడేళ్ళూ ఆ క్షణంలోనే గడిచాయేమో ఒక్కొక్కరికి. తర్వాత గంట అక్క గొంతు విప్పింది. డైనైట్రోబెంజీన్. నీలి పెదాల నుంచి బయటపడ్డ ఆమె అందుకుంది. ఆ వెనక ఒక వరస, ఇంకో వరస. నోరు తిరగనివాళ్ళు సగమే అన్నారు, మిగతా సగం పక్కవాళ్ళు అన్నారు. మొగుళ్ళు వింటున్నారు, తల్లులు వింటున్నారు. లోపల మనుషులు హడావిడిగా కిటికీలు మూయడం కనిపించింది. ఒక కిటికీకి గడియ లేదు. బంట్రోతు రెండు చేతులతో రెక్కలు అదిమి పట్టుకున్నాడు. మా వైపు చూశాడు. చేతులు తీసేశాడు.

లాఠీలు లేచాయి. బెత్తం విరిగిన చప్పుడు, ఎముక విరిగిన చప్పుడు ఒక్కలాగే ఉంటాయని ఆ రోజే తెలిసింది. పెద్దమ్మ పడింది, మళ్ళీ లేవలేదు. పడ్డవాళ్ళను దాటుకుని వెనకవాళ్ళు ముందుకొచ్చారు. అంటున్న మాట మాత్రం మారలేదు.

దొరికినవాళ్ళను దొరికినట్టు వ్యానులో కుక్కారు. గంట అక్క తల పగిలి నెత్తురు చెంప మీదికి కారుతోంది. నేను నా కొంగు చింపి కట్టాను. మంచి చీర, మా ఆయన కొన్నది కాదు కాబట్టి బాధ వేయలేదు. తలుపు దగ్గర నెరిసిన మీసాల కానిస్టేబులు కూర్చున్నాడు. చాలా దూరం పోయాక, ముందున్న డ్రైవరుకు వినపడకుండా వంగాడు.

"ఏమ్మా, మా కోడలు కూడా పచ్చపొడి షెడ్డే. నెల నుంచీ ఆయాసపడుతోంది. అడిగితే ఏం చెప్పదు."

గంట అక్క కళ్ళు తెరిచింది. "రేపు పనికి పోనీయకు. గేటు దగ్గర నిలబడమను."

"గేటు దగ్గర ఎవరుంటారమ్మా? మీరంతా ఇక్కడేగా."

"లోపలికి పోనివాళ్ళంతా ఉంటారు."

అతను లాఠీని మోకాళ్ళ మధ్య అడ్డంగా పెట్టుకున్నాడు. తర్వాత ఇంకా దగ్గరికి జరిగాడు.

"ఆ పేరు ఇంకోసారి చెప్పమ్మా, నిదానంగా" అన్నాడు.